లీడర్‌షిప్ అప్‌డేట్ అని మెయిల్ వస్తుంది, అసలు సంగతి అందులో ఉండదు: మా యూనివర్సిటీ ఫౌండేషన్ మీద ఒక దాత రివ్యూ

అమెరికాలో స్టేట్ యూనివర్సిటీల్లో ఎమ్మెస్ చేసిన మనవాళ్లందరికీ ఈ మెయిల్స్ వస్తూనే ఉంటాయి. "మా కొత్త ప్రెసిడెంట్, సీఈఓను పరిచయం చేస్తున్నందుకు సంతోషిస్తున్నాం", "బోర్డులో చేరిన కొత్త సభ్యులకు స్వాగతం" అంటూ. చాలామంది తెరవకుండానే డిలీట్ కొట్టేస్తారు. నేను మాత్రం తెరిచి, కింద చిన్న అక్షరాలతో సహా చదువుతాను. ఎందుకంటే మా బ్యాచ్ వాళ్లం కొందరం కలిసి అక్కడ ఒక స్కాలర్‌షిప్ ఎండోమెంట్ (అసలు కదపకుండా పెట్టుబడి పెట్టి, దాని మీద వచ్చేదాంతో ఏటా ఖర్చు చేసే శాశ్వత నిధి) పెట్టాం, అది కాక నా జీతంలోంచి నెలనెలా కొంత ఆ ఫౌండేషన్‌కు వెళ్తుంది. మేం బతికున్నంత కాలమే కాదు, ఆ తర్వాత కూడా ఆ డబ్బు వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. అలాంటప్పుడు ఆ చేతులు ఎవరివో తెలుసుకోవాలి కదా.

రేటింగ్ ముందే ఇచ్చేస్తాను. విద్యార్థికి స్కాలర్‌షిప్ చేర్చే పనిలో ఈ ఫౌండేషన్‌కు 5కి 4. పెట్టుబడుల లెక్క చూపించడంలో 3.5. పైన ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, రూల్స్ ఏం మారాయి అని దాతలకు చెప్పడంలో మాత్రం 2 దాటి ఇవ్వలేను. ఫౌండేషన్ పేరు రాయడం లేదు. ఇందులో రాసిన చాలా విషయాలు మీ యూనివర్సిటీ ఫౌండేషన్‌లో కూడా చూసుకోవాల్సినవే.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. స్టేట్ యూనివర్సిటీకి మనం ఇచ్చే విరాళం చాలాచోట్ల నేరుగా యూనివర్సిటీ ఖాతాలోకి పోదు. పక్కనే అమెరికా పన్ను చట్టంలోని 501(సి)(3) సెక్షన్ కింద విడిగా నమోదైన లాభాపేక్ష లేని సంస్థ ఉంటుంది, దాన్నే ఫౌండేషన్ అంటారు. 1891లో కాన్సాస్ యూనివర్సిటీ కోసం పెట్టిన ఎండోమెంట్ అసోసియేషన్ ప్రభుత్వ యూనివర్సిటీలకు సంబంధించినంత వరకు ఈ తరహాలో మొదటిది. విడిగా పెట్టడానికి కారణాలున్నాయి. విరాళాల డబ్బు రాష్ట్ర బడ్జెట్‌లో కలిసిపోకుండా ఉంటుంది, పెట్టుబడులు పెట్టడానికి ఎక్కువ వెసులుబాటు ఉంటుంది, దాతల వివరాలు బయటపడకుండా చూసుకోవచ్చు. ఇవన్నీ న్యాయమైన కారణాలే, నాకు వాటితో పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, యూనివర్సిటీని నడిపే బోర్డును చాలా రాష్ట్రాల్లో గవర్నర్ నియమిస్తారు, మిషిగన్, నెబ్రాస్కా లాంటి చోట్ల ప్రజలే ఓటేసి ఎన్నుకుంటారు. నచ్చకపోతే అడగడానికి ఒక దారి ఉంటుంది. ఫౌండేషన్ బోర్డు అలా కాదు, సాధారణంగా తన కొత్త సభ్యుల్ని తనే ఎంచుకుంటుంది. నామినేటింగ్ కమిటీ పేర్లు ఇస్తుంది, ఉన్న సభ్యులు ఓటేస్తారు, అంతే. దాతకు ఓటు లేదు, పూర్వ విద్యార్థికి ఓటు లేదు, స్కాలర్‌షిప్ అందుకునే పిల్లలకు అసలే లేదు. అందుకే వాళ్లు మనకు పంపే ఆ లీడర్‌షిప్ మెయిల్‌కు అంత విలువ. మనకు నేరుగా వచ్చే సమాచారం ఎక్కువగా అదే, అది కూడా సగం సగం ఉంటే ఎలా?

ఈమధ్య వచ్చిన మెయిల్ సంగతే చూడండి. పైన కొత్త సీఈఓ గారి ఫొటో, నవ్వుతూ. తర్వాత ఆవిడ ఎక్కడెక్కడ పనిచేశారు, ఎన్ని కోట్ల డాలర్ల విరాళాల సేకరణ క్యాంపెయిన్లు నడిపారు అని మూడు పేరాలు. ఆ తర్వాత కొత్త బోర్డు ఛైర్ మాటలు కొటేషన్‌లో, "ఉత్సాహంగా ఎదురుచూస్తున్నాం" అని. చివర్లో ఒకే ఒక్క వాక్యం: పాత సీఈఓ గారు ఇతర అవకాశాల కోసం వెళ్లారు, వారి సేవలకు కృతజ్ఞతలు. కింద నీలం రంగులో "ఇప్పుడే విరాళం ఇవ్వండి" అనే బటన్.

ఆ పాతాయన వెళ్లిపోయి అప్పటికే చాలా నెలలైంది. మధ్యలో తాత్కాలికంగా ఎవరు చూసుకున్నారో అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. ఎంపిక ఎవరు చేశారు, యూనివర్సిటీ ప్రెసిడెంట్‌కు అందులో ఎంత పాత్ర ఉంది, కొత్తావిడ ఎవరికి జవాబుదారీ, బోర్డుకా, ప్రెసిడెంట్‌కా, ఇద్దరికీనా? ఒక్కదానికీ జవాబు లేదు. కొన్నిచోట్ల ఫౌండేషన్ సీఈఓనే యూనివర్సిటీలో అడ్వాన్స్‌మెంట్ (విరాళాల సేకరణ) వైస్ ప్రెసిడెంట్‌గా కూడా ఉంటారు, అంటే ఒకే మనిషికి ఇద్దరు బాస్‌లు. అది తప్పని అనను, చాలా యూనివర్సిటీల్లో అలా బాగానే నడుస్తోంది. కానీ ఆ ఏర్పాటు ఉందా లేదా అన్నది డబ్బు ఇచ్చేవాళ్లకు తెలిసి ఉండాలి.

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అని మా బ్యాచ్‌లోనే ఒకరిద్దరు అన్నారు. వాళ్లకు నేను లూయివిల్ యూనివర్సిటీ ఫౌండేషన్ సంగతి చెప్పాను. అక్కడ ఒకే వ్యక్తి ఏళ్ల తరబడి యూనివర్సిటీకీ, ఫౌండేషన్‌కీ ప్రెసిడెంట్‌గా ఉన్నారు. 2016లో రెండు పదవుల నుంచీ దిగిపోయారు. 2017 జూన్‌లో ఫోరెన్సిక్ ఆడిట్ (అవకతవకలున్నాయేమో అని లెక్కలు లోతుగా తవ్వి చూసే ఆడిట్) బయటికొచ్చింది. ఎండోమెంట్ నుంచి మోతాదు మించి ఖర్చు పెట్టారనీ, చాలా సంగతులు బోర్డు దాకా సరిగ్గా రాలేదనీ అందులో తేలింది. 2018లో యూనివర్సిటీ, ఫౌండేషన్ కలిసి తమ పాత పెద్దల మీదే కోర్టుకెళ్లాయి. కంచే చేను మేస్తే ఇలాగే ఉంటుంది. ఇక్కడ నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఖర్చు కన్నా, ఇన్నాళ్లూ బోర్డులో కూర్చున్నవాళ్లకు కూడా సగం విషయాలు తెలియకపోవడం. బోర్డుకే తెలియకపోతే బయట ఉన్న మనకేం తెలుస్తుంది?

దానికంటే దగ్గరిది 2024లో ఫ్లోరిడా ఏ అండ్ ఎం యూనివర్సిటీలో జరిగింది. మే నెలలో స్నాతకోత్సవం వేదిక మీద 237 మిలియన్ డాలర్ల విరాళం అని ప్రకటించారు, పెద్ద చెక్కు బోర్డు పట్టుకుని ఫొటోలు దిగారు. ఆ విరాళం నగదు కాదు, స్టాక్ మార్కెట్‌లో లేని ఒక ప్రైవేటు కంపెనీ షేర్లు. విషయం బయటపెట్టకూడదని దాతతో ఒప్పందం మీద సంతకాలు చేశారు, దాంతో ఫౌండేషన్ బోర్డు ముందుగా పరిశీలించే అవకాశమే లేకపోయింది. కొద్ది రోజుల్లోనే అనుమానాలు మొదలై అదంతా ఆగిపోయింది. ఫౌండేషన్‌ను నడిపే అధికారి ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు, వేసవిలో యూనివర్సిటీ ప్రెసిడెంట్ కూడా దిగిపోతున్నట్టు ప్రకటించారు. అంత మంచి పేరున్న విద్యాసంస్థకు, అక్కడ డిగ్రీ పట్టా అందుకున్న పిల్లలకు ఎంత బాధ! పెద్ద విరాళాలు ముందు బోర్డు కమిటీ చూడాలి అనే ఒక్క రూల్ గట్టిగా పాటించి ఉంటే అది వేదిక దాకా వచ్చేదే కాదు.

సరే, మా ఫౌండేషన్‌కు వస్తాను. మెయిల్‌లో లేనివి వెతుక్కోవడానికి నేను ఫామ్ 990 తెరిచాను. ఇది ఇలాంటి సంస్థలు ప్రతి ఏటా ఐఆర్‌ఎస్‌కు, అంటే అమెరికా పన్నుల శాఖకు, ఇచ్చే రిటర్న్, అడిగిన ఎవరికైనా చూపించాలని చట్టమే చెబుతోంది. ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ వాళ్ల నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, సంస్థ పేరు కొడితే చాలు. పేజీలు చూసి భయపడకండి, అన్నీ చదవక్కర్లేదు. పార్ట్ 6, పార్ట్ 7, షెడ్యూల్ ఎల్, షెడ్యూల్ ఓ, ఈ నాలుగూ చదివితే పాలన బొమ్మ చాలావరకు కనిపిస్తుంది.

పార్ట్ 6లో మొదటి ప్రశ్నే ఓటున్న సభ్యులు ఎంతమంది, వాళ్లలో స్వతంత్రులు ఎంతమంది అని. రెండోది, సభ్యుల మధ్య కుటుంబ సంబంధం గానీ వ్యాపార సంబంధం గానీ ఉందా అని. నాలుగోది నాకు బాగా ఉపయోగపడింది: పోయినసారి రిటర్న్ వేసిన తర్వాత బైలాస్ (సంస్థ అంతర్గత నియమావళి) లాంటి పత్రాల్లో ముఖ్యమైన మార్పులు చేశారా? అవును అని పెడితే ఆ మార్పేమిటో షెడ్యూల్ ఓలో రాయాలి. మావాళ్లు అవును అని పెట్టారు. షెడ్యూల్ ఓకు వెళ్లి చూస్తే రెండు లైన్లలో ఉంది, బోర్డు సభ్యుల పదవీకాలం మీద ఉన్న పరిమితిని సడలించారట, ఛైర్‌గా ఉన్నవాళ్లు ఇంకో దఫా కొనసాగే వీలు కల్పించారట. ఆ ఏడాది వచ్చిన "లీడర్‌షిప్ అప్‌డేట్" మెయిల్ మళ్లీ తీసి చూశాను. ఛైర్ గారు కొనసాగుతున్నందుకు ఆనందం అని ఉంది. ఆయన కొనసాగడానికి రూల్ మార్చారన్న మాట మాత్రం లేదు.

ఇది నాకు నచ్చలేదు. రూల్ మార్చడంలో తప్పేమీ లేకపోవచ్చు, క్యాంపెయిన్ మధ్యలో ఛైర్‌ను మార్చడం ఇష్టంలేక చేసి ఉండొచ్చు, ఆ కారణమే చెప్పి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి. చెప్పకుండా చేయడమే బాధ.

పార్ట్ 7లో జీతాలుంటాయి. సీఈఓకు ఎంత, పెట్టుబడుల అధికారికి ఎంత అన్నీ ఉంటాయి. ఈ జీతాలు చూసి కొందరు గుండెలు బాదుకుంటారు, నేను అలా అనను. వందల మిలియన్ల డాలర్లు చూసుకునే మనిషికి మంచి జీతం ఇవ్వాల్సిందే. నేను చూసేది ఆ జీతం ఎలా నిర్ణయించారన్నది. పార్ట్ 6లో 15వ ప్రశ్న అదే: స్వతంత్ర సభ్యులు సమీక్షించారా, ఇలాంటి సంస్థల జీతాలతో పోల్చి చూశారా, ఆ చర్చను అప్పుడే రాసిపెట్టారా? మావాళ్లు మూడూ చేశామన్నారు, షెడ్యూల్ ఓలో పద్ధతి కూడా శుభ్రంగా రాశారు. ఇందులో పూర్తి మార్కులు. షెడ్యూల్ ఎల్‌లో బోర్డు సభ్యుల కంపెనీలతో లావాదేవీలేమైనా ఉంటే రాయాలి. మాదాంట్లో ఒకటి కనిపించింది, ఒక సభ్యుడికి సంబంధించిన సంస్థకు ఏదో సేవల కింద చెల్లింపు. మొత్తం పెద్దదేమీ కాదు, బయటపెట్టారు కూడా. ఆ సభ్యుడు ఆ ఓటింగ్‌లో పాల్గొనలేదని ఒక్క మాట రాస్తే ఇంకా బాగుండేది.

990తో ఒక ఇబ్బంది ఉంది, ఆలస్యం. జూన్ 30తో ఆర్థిక సంవత్సరం ముగిసే సంస్థ నవంబర్ 15లోగా వేయాలి, పొడిగింపు అడిగితే మే 15 దాకా సమయం. చాలా సంస్థలు అడుగుతాయి. అంటే నిన్నటి వేసవిలో జరిగిన మార్పు మనకు కాగితం మీద కనిపించేసరికి ఇంకో వేసవి వచ్చేస్తుంది. అందుకే మెయిల్‌లోనే చెప్పండి అని నేను పట్టుబట్టేది.

బైలాస్ కాపీ అడుగుదామని మా గిఫ్ట్ ఆఫీసర్‌కు (దాతలతో మాట్లాడే ఫౌండేషన్ ఉద్యోగి) ఫోన్ చేశాను. చాలా మంచి మనిషి, ఓపిగ్గా విన్నారు. "ఇంతవరకు నన్ను ఎవరూ ఇది అడగలేదు, కనుక్కుని చెప్తాను" అన్నారు. కనుక్కున్నారు కూడా, కానీ పైనుంచి వచ్చిన జవాబు అవి అంతర్గత పత్రాలు, ఇవ్వలేం అని. చట్టం ప్రకారం ఇవ్వాలా అంటే అది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఓహాయోలో 1992లోనే అక్కడి సుప్రీంకోర్టు టొలీడో యూనివర్సిటీ ఫౌండేషన్‌కు పబ్లిక్ రికార్డుల చట్టం (మన సమాచార హక్కు చట్టం లాంటిది) వర్తిస్తుందని తేల్చేసింది. అయోవాలో 2005లో అయోవా స్టేట్ యూనివర్సిటీ ఫౌండేషన్ విషయంలో అదే మాట. కాలిఫోర్నియాలో 2011లో చట్టమే తెచ్చి, ప్రభుత్వ యూనివర్సిటీల అనుబంధ సంస్థల రికార్డులు అడిగే హక్కు జనానికి ఇచ్చారు. వర్జీనియాలో మాత్రం 2019లో సుప్రీంకోర్టు జార్జ్ మేసన్ యూనివర్సిటీ ఫౌండేషన్‌కు ఆ చట్టం వర్తించదని చెప్పింది. మీది ఏ రాష్ట్రమో చూసుకోండి. అయితే కోర్టు బలవంతం చేస్తేనే చెప్పాలా? నిధుల సేకరణ సంఘాలన్నీ కలిసి ఎప్పుడో తయారుచేసుకున్న దాతల హక్కుల పత్రంలోనే, బోర్డులో ఎవరున్నారో తెలుసుకునే హక్కు, తాజా ఆర్థిక నివేదికలు చూసే హక్కు దాతకు ఉన్నాయని రాసి ఉంది. ఆ పత్రం మా ఫౌండేషన్ వెబ్‌సైట్‌లోనూ పెట్టారు. పెట్టినప్పుడు పాటించాలి.

మంచి కూడా చెప్పాలి, కొత్త సీఈఓ గారు వచ్చాక కొన్ని మారాయి. బోర్డు కమిటీలు, వాటిలో సభ్యుల పేర్లు ఇప్పుడు వెబ్‌సైట్‌లో ఉన్నాయి, ముందు ఉత్త ఫొటోలే ఉండేవి. ఆడిట్ నివేదిక వెతక్కుండానే దొరుకుతోంది. దాతల కోసం ఆన్‌లైన్ మీటింగ్ పెట్టారు, అందులో కోశాధికారి స్వయంగా కూర్చుని ప్రశ్నలు తీసుకున్నారు. నేను ఫీజు గురించి అడిగాను. 25,000 డాలర్ల ఎండోమెంట్ మీద ఏటా 4 శాతం ఖర్చుకు తీస్తే స్కాలర్‌షిప్‌కు 1,000 డాలర్లు వస్తుంది, దాని పైన 1.25 శాతం నిర్వహణ ఫీజు అంటే ఇంకో 312 డాలర్ల 50 సెంట్లు. స్కాలర్‌షిప్‌లో దాదాపు మూడో వంతు అంత ఫీజు! ఎందుకింత అని అడిగితే ఆయన నసగలేదు. సిబ్బంది జీతాలకు, విరాళాల సేకరణ ఖర్చుకు రాష్ట్రం నుంచి వచ్చేది తగ్గిపోయిందని, ఫౌండేషన్ నడవడానికి ఈ ఫీజే ప్రధాన ఆధారమని, పెద్ద ఫండ్లకూ చిన్న ఫండ్లకూ ఒకే రేటు పెట్టడం సరైనదేనా అని కమిటీలో చర్చిస్తున్నామని సూటిగా చెప్పారు. నాకు ఆ ఫీజు ఇప్పటికీ ఎక్కువే అనిపిస్తోంది, కానీ ఆ జవాబు విన్నాక ఆయన మీద గౌరవం పెరిగింది. లీడర్‌షిప్ అప్‌డేట్ అంటే నాకు కావాల్సింది ఆ పది నిమిషాలే.

ఎవరు బోర్డులో ఉన్నారన్నది ఎందుకు ముఖ్యమో ఈ ఎండోమెంట్ చట్టం చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. రాష్ట్రాలు తీసుకుని అమలు చేసుకోవడానికి తయారుచేసిన 1972 నాటి పాత నమూనా చట్టంలో, విరాళం ఇచ్చినప్పటి అసలు విలువ కంటే ఫండ్ కిందికి పడితే అసలును ముట్టుకోకూడదు. 2006లో వచ్చిన కొత్త నమూనా చట్టాన్ని పెన్సిల్వేనియా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ తీసుకున్నాయి. దాని ప్రకారం ఫండ్ విలువ పడినా, వివేకంతో ఆలోచించి ఖర్చు పెట్టొచ్చు. మార్కెట్ పడిన ఏడాది కూడా పిల్లలకు స్కాలర్‌షిప్ ఆగకూడదు కాబట్టి నేను దీన్ని సమర్థిస్తాను. కానీ ఆ "వివేకం" ఎవరిది? బోర్డుది. చట్టం గీసిన గీత తీసేసి వాళ్ల బుద్ధికి వదిలేసింది. అలాంటప్పుడు ఇన్వెస్ట్‌మెంట్ కమిటీలోకి ఎవరొచ్చారో చెప్పేటప్పుడు ఏ ఊళ్లో ఉంటారో, ఎంతమంది మనవలున్నారో కాదు, పెట్టుబడులు చూసిన అనుభవం ఉందా, ఎన్నేళ్లు ఉంటారు అన్నది చెప్పాలి.

మాకు ఎదురైన ఒక చేదు అనుభవం ఉంది. మా స్కాలర్‌షిప్ ఒక ఏడాది ఎవరికీ ఇవ్వలేదు. ఎప్పుడూ వచ్చే విద్యార్థి కృతజ్ఞతా లేఖ రాకపోతే అనుమానం వచ్చి అడిగాం. తేలిందేమంటే, మా ఫండ్ చూసే ఉద్యోగి మానేశారు, ఆ తర్వాత వచ్చినవాళ్లు కూడా మానేశారు, డిపార్ట్‌మెంట్‌కు డబ్బు అందుబాటులో ఉందన్న కబురే వెళ్లలేదు. డబ్బు ఎక్కడికీ పోలేదు, ఖాతాలోనే భద్రంగా ఉంది, మరుసటి ఏడాది ఇద్దరికి ఇచ్చారు. క్షమాపణ కూడా చెప్పారు. అయినా ఆ ఏడాది ఫీజు కట్టలేక ఇబ్బంది పడ్డ పిల్లవాడో పిల్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదా, వాళ్లకు ఆ క్షమాపణ అందదు. పైన సీఈఓ సీటు ఖాళీగా ఉన్న నెలలూ, కింద సిబ్బంది వరసగా మానేసిన నెలలూ ఒకటే. నాయకత్వం సంగతులు మనకెందుకులే అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, పైన ఖాళీ అయితే కింద పని ఆగుతుంది.

బోర్డు కూర్పు మీద ఒక మాట. మా బోర్డులో ఎక్కువమంది పెద్ద దాతలే. విరాళం ఇవ్వడం లేదా తీసుకురావడం సభ్యులకు షరతుగా పెట్టే పద్ధతి అమెరికాలో చాలాచోట్ల ఉంది, దాని లాభం దానికుంది. కానీ స్కాలర్‌షిప్ మీద చదువుకున్న మనిషి ఒక్కరైనా, బయటి దేశం నుంచి వచ్చి చదువుకున్నవాళ్లు ఒక్కరైనా బోర్డులో ఉండాలి. మా క్యాంపస్‌లో ఇంజనీరింగ్ ల్యాబ్‌లు సాయంత్రం పూట చూస్తే మనవాళ్లే సగం కనిపిస్తారు, బోర్డు జాబితాలో వెతికితే ఒక్క పేరూ ఉండదు. తప్పు పూర్తిగా వాళ్లది కూడా కాదు, మనవాళ్లు కమిటీల్లో పనిచేయడానికి ముందుకు రారు. ఆడిట్ కమిటీకి బోర్డు సభ్యులు కాని నిపుణుల్ని కూడా తీసుకునే ఫౌండేషన్లు ఉన్నాయి. అకౌంటింగ్, ఫైనాన్స్ చేసినవాళ్లు మనలో ఎంతమంది లేరు! మీ ఫౌండేషన్‌కు ఒక మెయిల్ పెట్టి ఆసక్తి ఉందని చెప్పండి, పోయేదేం లేదు.

నేను ఇవ్వడం ఆపుతానా అంటే ఆపను. నెలనెలా వెళ్లేది వెళ్తూనే ఉంటుంది, దాన్ని ఆపితే దెబ్బ తగిలేది విద్యార్థికే. ఎండోమెంట్‌లో ఇంకా వేద్దామనుకున్న డబ్బు మాత్రం మా బ్యాచ్ వాళ్లం మాట్లాడుకుని ప్రస్తుతానికి పక్కన పెట్టాం. బైలాస్, ప్రయోజనాల వైరుధ్యం మీద వాళ్ల పాలసీ, యూనివర్సిటీకీ ఫౌండేషన్‌కూ మధ్య ఉన్న ఒప్పందం, ఈ మూడూ వెబ్‌సైట్‌లో పెట్టమని కొత్త సీఈఓ గారికి ఉత్తరం రాశాం. అందింది, గవర్నెన్స్ కమిటీ తదుపరి సమావేశంలో చర్చకు పెడతాం అని ఆవిడే స్వయంగా జవాబిచ్చారు. ఆ మూడూ వెబ్‌సైట్‌లో పెడితే, పైన ఇచ్చిన 2 రేటింగ్‌ను ఇక్కడే మారుస్తాను.

కొత్తగా ఎండోమెంట్ పెట్టబోయేవాళ్లు సంతకం చేసే ముందు గిఫ్ట్ అగ్రిమెంట్‌లో (ఫౌండేషన్‌తో చేసుకునే విరాళం ఒప్పందం) ఇవి రాయించుకోండి: ఫీజు శాతం పెంచితే రాతపూర్వకంగా తెలియజేయాలి, ఒక ఏడాది స్కాలర్‌షిప్ ఇవ్వలేకపోతే ఇన్ని రోజుల్లోగా కారణం చెప్పాలి, మా ఫండ్ చూసే ఉద్యోగి మారితే కొత్తవాళ్ల పేరు, ఫోన్ నంబర్ పంపాలి. మేం మొదటిసారి ఇవేవీ అడగలేదు, రెండో అగ్రిమెంట్ ముసాయిదాలో మూడూ పెట్టాం, వాళ్ల లీగల్ టీమ్ రెండింటికి వెంటనే ఒప్పుకుంది, ఫీజు దగ్గర ఇంకా బేరం నడుస్తోంది.